మారియా మాంటిసోరి విదుషీమణి

ఇటలీ దేశమున ఏడ్రియాటిక్ సముద్రతీరమందు అంకోనా యను రేవుపట్టణము కలదు. దానికి చేరువనున్న కియారవాల్లె యను చిన్న యూరిలో 1870 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీన మారియా మాంటిసోరి జన్మించెను. తండ్రియగు అలెస్సాండ్రో ప్రభుత్వపు ఆర్థికశాఖలో ఉద్యోగి. పాతపద్ధతులయం దభిమానము గలవాడు. తల్లియగు రెనిల్డే ఆ కాలపు స్త్రీలలో అరుదుగా కానవచ్చునంతటి చదువరి. ఆ దంపతులకు ఈమె యొక్కతయే సంతానము. బిడ్డ విషయమున తండ్రి తలంపొకటి, తల్లి తలంపు మఱియొకటిగా నుండెను. ఆమె బాల్యమునందును యౌవనమునందును జరిగిన ముఖ్యసంగతులన్నిటిలో ఈ భేదము కానవచ్చును.

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు విద్యను, అనగా కోడింగును, చిన్న తరగతులనుండియే నేర్పవలెనని మన పిల్లల తల్లిదండ్రులు కొందఱు మమ్ము కోరుచున్నారు. కోరిక న్యాయమైనదే. కాని ఆ విద్యకు మొదటిమెట్లయిన వరుస, నియమము, విభాగము, తప్పు నెదుకుట అను వానిని నేర్పుటకు వెలుగుచుండు తెర యక్కఱలేదనియు, చెక్కదిమ్మెలు, పూసలు, కాగితపు ముక్కలు, పిల్లల కాలుసేతులు చాలుననియు మా యభిప్రాయము. ఇట్టి సాధనములతో ఇట్టి పనినే కంప్యూటరులు పుట్టక మునుపు చేసి చూపినది కావున, ఈ సంచికకు మాంటిసోరి జీవితమును ఎన్నుకొంటిమి. ఆమె కోడింగు నెఱుగదు. ఎఱుగనిదానిని ఆమె కంటగట్టుట మా యుద్దేశము కాదు. ఆమె చేసినదేదియో చెప్పెదము. పోలిక యున్నచోట చూపెదము.

మారియాకు అయిదేండ్ల ప్రాయమున, అనగా 1875 లో, ఆ కుటుంబము రోమునగరమునకు చేరెను. ఆ దినములలో చదువుకొను బాలికకు ఉపాధ్యాయినీ పదవికంటె ఎక్కువ దారి లేదు. తండ్రి దానినే కోరెను. ఈమె మాత్రము గణితముపై మక్కువచే పదుమూడవయేట బాలురకై యేర్పడిన సాంకేతిక పాఠశాలలో ప్రవేశించి ఇంజనీరు కావలెనని తలంచెను. పిమ్మట ఆ తలంపు మాని వైద్యవిద్య నభ్యసింప నిశ్చయించుకొనగా తండ్రికి ఇంకను కష్టము కలిగెను. తల్లి మాత్రము కడవఱకు తోడుగా నిలిచెను. రోము విశ్వవిద్యాలయమున మృతదేహములను కోసి పరీక్షించు తరగతికి మగవిద్యార్థులతో కలిసి ఒక స్త్రీ కూర్చుండుట మర్యాద కాదని యెంచి, అందఱును వెళ్లిపోయిన తరువాత ఆమె యొంటరిగా ఆ గదిలో పనిచేయునట్లు ఏర్పాటు గావించిరి. ఈ యేర్పాటునకు ఆమె లోబడెనేగాని చదువు విడువలేదు. 1896 లో వైద్యపట్టమును పొందెను. ఇటలీలో తొలి మహిళావైద్యురాలు ఈమెయే యని పలుచోట్ల వ్రాయుచుందురు గాని అది సరికాదు. తొలివారిలో ఒకతె యనుట యథార్థము. ఆ సంవత్సరమే బెర్లినులో జరిగిన స్త్రీల మహాసభకు తన దేశముపక్షమున వెళ్లి, ఒకేపని చేయు స్త్రీపురుషులకు ఒకేకూలి యుండవలెనని వాదించెను.

వైద్యురాలై విశ్వవిద్యాలయమునకు సంబంధించిన మానసిక చికిత్సాలయమున పనిచేయుచు, రోములోని పిచ్చియాసుపత్రులను దర్శించుట ఆమెకు విధి యయ్యెను. ఆ కాలమున బుద్ధిమాంద్యముగల పిల్లలనుకూడ పెద్దలైన ఉన్మాదులతోడనే ఉంచుచుండిరి. వారికి ఆటవస్తువు లేదు, పని లేదు, పట్టుకొనుటకు పుల్లయైనను లేదు. ఈ పిల్లలకు కావలసినది మందుకంటె విద్యయే యని ఆమెకు తోచెను. ఆ మార్గమున పూర్వము నడచిన ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచివైద్యుల గ్రంథములను వెదకి చదివి, సెగ్విన్ పుస్తకమును తన చేతితో ఇటాలియను భాషలోనికి ఆమూలాగ్రముగా వ్రాసికొనెను. అచ్చుపుస్తకమును చదువుటకంటె చేతితో వ్రాసినయెడల ఒక్కొక్క మాటను తూచి చూడవచ్చునని ఆమె తలంపు. 1900 లో ఇట్టి పిల్లల ఉపాధ్యాయులకై రోములో నెలకొల్పిన శిక్షణాలయమునకు ఇద్దఱు అధ్యక్షులలో ఒకతె యయ్యెను. అక్కడ ఆమె చేతిక్రింద చదివిన పిల్లలు కొందఱు సాధారణ బాలురతోపాటు పరీక్షలకు కూర్చుండి నెగ్గిరి. లోకమంతయు ఆమెను పొగడుచుండగా ఆమెకు మాత్రము వేఱొక చింత పట్టుకొనెను. బుద్ధిమాంద్యముగల పిల్లలే ఇంత చేయగలిగినయెడల, ఆరోగ్యవంతులైన పిల్లలు బడులలో ఏల ఇంత తక్కువగా నేర్చుకొనుచున్నారు?

ఈ కాలముననే ఆమె జీవితమున ఒక బాధాకరమైన సంగతి జరిగెను. ఆ శిక్షణాలయమున సహాధ్యక్షుడైన మొంటెసానో యను వైద్యునివలన 1898 మార్చిలో ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. వారికి వివాహము కాలేదు. ఆయన పిదప మఱియొకతెను పెండ్లాడెను. పెండ్లికాని తల్లి యని తెలిసినయెడల ఆమెకు వైద్యమును, బోధనయు రెండును దక్కవు. కావున శిశువును పల్లెటూరిలో నొక కుటుంబమువద్ద పెంపున కుంచిరి. తల్లి అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెను. ఆమె యెవరో బాలునికి చెప్పలేదు. లోకమునందలి శిశువుల కందఱికిని మేలు చేయబోవు స్త్రీకి తన శిశువును పెంచుకొను భాగ్యము లేకపోయెను. ఈ సంగతిని కప్పిపుచ్చి వ్రాసిన జీవితములు చాల కలవు. చెప్పుటలో ఆమెకు తక్కువ యేమియు లేదని మేము తలంతుము.

రోములో సాన్ లొరెంజో యను పేదలపేట కలదు. కట్టుచు కట్టుచు మధ్యలో విడిచిపెట్టిన భవనములు, అందు క్రిక్కిఱిసి కాపురముండు కూలివారు. ఒక సంఘము వారు ఆ భవనములను కొని బాగుచేసిరి. తలిదండ్రులు పనికి పోగా, బడియీడు రాని పిల్లలు పగలంతయు మెట్లపై తిరుగుచు గోడలను పాడుచేయుచుండిరి. గోడలకు మాటిమాటికి సున్నము వేయించుటకంటె పిల్లలనందఱిని ఒకగదిలో కూర్చుండబెట్టుట చవుక యని యజమానులకు తోచెను. ఇట్లు గోడలకై పుట్టిన ఆలోచననుండి 1907 వ సంవత్సరము జనవరి 6 వ తేదీన మర్సి వీథిలో శిశుగృహము తెఱవబడెను. మూడేండ్లు మొదలు ఆఱేడేండ్ల వఱకు గల పిల్లలు సుమారు ఏబదిమంది. ఉపాధ్యాయినిగా నియమింపబడినది బోధనలో శిక్షణ లేని యొక స్త్రీ. ఇది లోపమని అందఱును తలంపగా, మాంటిసోరి మాత్రము మేలే యయ్యెనని సంతోషించెను. బోధించు నలవాటు లేనివారు పిల్లవాని పనికి అడ్డుపడరు గదా!

మాంటిసోరి ఆ గదిలో నుంచిన వస్తువులను వర్ణింపక ముందునకు పోరాదు. ఆమె కీర్తియంతయు వానియందే యున్నది. ఒక చెక్కదిమ్మెలో పది గుంటలు, వానిలో సరిగా అమరు పది చెక్కకడ్డీలు. ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా లావో సన్నమో అగుచుండును. గులాబిరంగు ఘనములు పది. పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరు. వానిని ఒకదానిపై నొకటి పేర్చిన గోపురమగును. పది సెంటీమీటర్లనుండి ఒక మీటరు వఱకు పెరుగు కోలలు పది. ఇవన్నియు వట్టి ఆటబొమ్మలవలె కనబడును. కాని ప్రతిదానియందును ఒకే గుణము మాఱుచుండును, తక్కినవన్నియు స్థిరముగా నుండును. ఘనములకు రంగొకటే, కఱ్ఱయొకటే. పరిమాణము మాత్రమే వేఱు. కావున పిల్లవాని చూపు ఆ యొక్క భేదముమీదనే నిలుచును.

కడ్డీల దిమ్మెను గూర్చి కొంచెము ఆగి చూడవలెను. పిల్లవాడు సన్నని కడ్డీని వెడల్పైన గుంటలో పెట్టినయెడల అప్పుడేమియు తెలియదు; అది సులభముగా దిగును. ఆట సాగిపోవును. కాని కడపట చేతిలో లావుపాటి కడ్డీ యొకటి మిగులును, దిమ్మెలో ఇఱుకు గుంట యొకటి మిగులును. అవి రెండును కలియవు. తప్పు జరిగినది కడపట కాదు, నడుమ నెక్కడనో. అది యెక్కడో కనుగొనుటకు పిల్లవాడు వెనుకకు నడవవలెను: ఒక్కొక్క కడ్డీని తీసి చూచి, వదులుగా నున్న దానిని పట్టవలెను. ఉపాధ్యాయిని నోరు మెదపదు. దిమ్మెయే చెప్పును. నేడు కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువారు దినమంతయు చేయు పనిలో సగము ఇదియే. ఫలము చెడినది కడపట కనబడును. కారణము ఎగువ పంక్తిలో దాగియుండును. కోపపడక, ఏడువక, వరుసగా వెదకవలెను. మూడేండ్ల బాలిక యొకతె ఈ కడ్డీలను తీసి పెట్టుచు తీసి పెట్టుచు నలుబది పర్యాయములకు మించి ఆ పని చేసెనట. మాంటిసోరి ఆ బాలికను కుర్చీతోసహా ఎత్తి బల్లపై నుంచినను, చుట్టును తక్కిన పిల్లలచే పాటలు పాడించినను ఆమె తల యెత్తలేదు. ముగించిన పిమ్మట నిద్రలేచినదానివలె నవ్వుచు చుట్టును చూచెను. చిన్నపిల్లలకు నిలుకడ లేదని పెద్దలు చెప్పుకొను మాట ఆనాడు మాంటిసోరి మనసున చెదరిపోయెను.

ఒక దినమున ఉపాధ్యాయిని సామానుల బీరువాకు తాళము వేయ మఱచి, మఱునాడు ఆలస్యముగా వచ్చెను. వచ్చి చూచునప్పటికి పిల్లలు తలుపు తెఱచి తమకు కావలసిన వస్తువులను తీసికొని పనిలో మునిగియుండిరి. దొంగతనమని ఆమె యెంచెను. వస్తువులు పిల్లలకు బాగుగా తెలిసినవి గనుక ఎన్నుకొనుచున్నారని మాంటిసోరి యెంచెను. నాటినుండి ఎత్తైన బీరువా పోయి, పిల్లల చేతి కందు పొట్టి యలమరలు వచ్చెను.

అక్షరములు నేర్పుటకు ఆమె గరుకుకాగితముతో అక్షరములను కత్తిరించి పలకలపై అంటించెను. పిల్లలు వ్రేలితో వానిని దిద్దుచు ధ్వనిని పలుకుదురు. పిమ్మట విడి అక్షరములను చాపపై పేర్చి మాటలు కూర్చుదురు. కొన్ని వారములైన తరువాత ఒకనాడు మేడపై ఎండలో కూర్చున్న యొక బాలునిచే సుద్దతో పొగగొట్టము బొమ్మ వేయించుచుండగా, వాడు ఉన్నట్టుండి తనకు వ్రాయుట వచ్చినదని కేకలు వేయుచు నేలయంతయు మాటలతో నింపెను. తక్కినవారును అట్లే మొదలిడిరి. చదువుటకు ముందే వ్రాయుట వచ్చుట చూచి ఆ పేటవారికి వింత కలిగెను.

మా విషయమునకు మిక్కిలి దగ్గఱయైన యాట దీని తరువాత వచ్చినది. పిల్లలు చదువనేర్చిన పిమ్మట మాంటిసోరి కాగితపు చీటీలపై ఆజ్ఞలను వ్రాసి మడిచి యుంచెను. పిల్లవాడు చీటీని తీసి, పైకి చదువక మనసులోనే చదివికొని, అందున్న పనిని చేసి చూపవలెను. మొదట ఒక్కొక్క పని. పిదప పెద్ద పెద్ద వాక్యములు. కిటికీ తలుపులు మూసి, వాకిలి తెఱచి, కొంచెము సేపు నిలిచి, తిరిగి అన్నిటిని మునుపటివలె నుంచుట యొకటి. ఎనిమిదిమంది తోడివారిని మర్యాదగా లేపి, రెండు వరుసలుగా నిలిపి, చప్పుడు కాకుండ మునివ్రేళ్లపై ముందుకును వెనుకకును నడిపించుట మఱియొకటి. ఏ పని ముందో, ఏది వెనుకో, ఎందఱిని పిలువవలెనో, ఎప్పుడు ఆపవలెనో చీటీలో నున్నది; చీటీలో లేనిది చేయరాదు. పిల్లలు ఊపిరి బిగబట్టి, ఒక్క మాటయు విడువక చేసిరని ఆమె వ్రాసెను. కోడింగనగా ఇంతకంటె వేఱేమున్నది? యంత్రమునకు బదులు ఇక్కడ పిల్లవాడే యంత్రము, చీటీయే ప్రోగ్రాము. భేదమొకటి కలదు: యంత్రమునకు అర్థము తెలియదు, పిల్లవానికి తెలియును.

మా చిన్నతరగతుల పిల్లలచే వరండా బండలపై ఈ యాటను కొంచెము మార్చి ఆడించుచున్నాము. ఒక పిల్లవాడు ఆజ్ఞల చీటీలను వరుసగా పేర్చును. మఱియొకడు వాని ప్రకారము నడచును. నాలుగు బండలు ముందునకు, కుడివైపు తిరుగుట, రెండు బండలు, అక్కడి గంటను మ్రోగించుట. తిరుగుటను నడచుటకు ముందు పెట్టినయెడల నడచువాడు గంటను చేరక స్తంభమునకు తగులును. అందఱును నవ్వుదురు, పేర్చినవాడు నవ్వుచునే చీటీలను సవరించును. నడచువాడు తన తెలివి నుపయోగించి గంటవైపు తిరుగుట మాత్రము నిషిద్ధము. ఈ యొక్క నియమమును పాటించుటయే పిల్లలకు అన్నిటికంటె కష్టము. మన ఇండ్లలో అవ్వలు ఆడు వామనగుంటలును ఈ జాతిదే. చేతిలోని గింజలను గుంటకొకటి చొప్పున వేయుచు పోవుట, ఖాళీగుంట వచ్చినప్పుడు నియమము మాఱుట, ముందుగనే మనసులో లెక్కించి ఏ గుంటనుండి తీయవలెనో నిశ్చయించుకొనుట. దానిని కాలక్షేప మని త్రోసివేయుట తగదు.

పూసలను గూర్చియు చెప్పవలెను. ఒక బంగారురంగు పూస ఒకటి; పదిపూసల కడ్డీ పది; పది కడ్డీల పలక నూఱు; పది పలకల ఘనము వేయి. వేయి యనగా కాగితముపై మూడు సున్నలు మాత్రమే కాదని ఆ ఘనమును చేత నెత్తిన నాలుగేండ్ల బిడ్డకు తెలియును. పది విడిపూసలు చేరగనే వానిని ఒక కడ్డీకి మార్చుకొనవలెను. పది కడ్డీలను ఒక పలకకు. ఈ మార్పిడి ఆటలో స్థానమూల్యము చేతికి తెలిసిపోవును. ఆమె గణితసాధనముల విషయమై రెండు గ్రంథములు 1934 లో బార్సిలోనాలో అచ్చయ్యెను. నేటి కంప్యూటరులు పదికి బదులు రెండింటిని ఆధారముగా గొన్నవి. న్యూజీలాండులో 1990 ప్రాంతమున ప్రారంభమైన తెరలేని కంప్యూటరు పాఠములలో దీనికై యొక చక్కని యాట కలదు. అయిదు అట్టముక్కలపై వరుసగా 16, 8, 4, 2, 1 చుక్కలు వేసి, కొన్నిటిని పైకి, కొన్నిటిని బోర్లగా నుంచినయెడల సున్న మొదలు 31 వఱకు ఏ సంఖ్యనైనను చూపవచ్చును. నెలలోని ఏ తేదీకైనను అయిదు ముక్కలు చాలును. మాంటిసోరి పుట్టిన 31 వ తేదీకి అయిదింటిని తెఱచి పెట్టవలెను. తమ పుట్టినతేదీకి ఏవి తెఱవవలెనో పిల్లలు ఇంటియొద్ద చేసి చూడవచ్చును.

శిశుగృహపు వార్త రెండు మూడేండ్లలో దేశదేశముల ప్రాకెను. 1909 లో ఆమె తన పద్ధతిని గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1912 చివర తల్లి మరణించిన పిమ్మట, పదునాలుగేండ్లు నిండిన మారియోను తనవద్దకు తెచ్చుకొనెను. లోకమునకు మాత్రము బంధువని చెప్పుచుండెను. 1913 లో అమెరికాకు పోగా టెలిఫోను నిర్మాతయగు గ్రాహాం బెల్ దంపతులు ఆదరించిరి. 1915 లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనమున గాజుగోడల గదిలో పిల్లలు పనిచేయుచుండ జనులు బయటనుండి గుంపులుగా నిలిచి చూచిరి. అయినను ఆ దేశమున ఆమె ప్రభ త్వరలోనే తగ్గెను. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన కిల్పాట్రిక్ అను ఆచార్యుడు 1914 లో ఒక పుస్తకము వ్రాసి, ఆమె సాధనములు ఇఱుకైనవనియు, పిల్లల ఊహకును కలసి యాడుటకును చోటియ్యవనియు విమర్శించెను. ఈ విమర్శలో కొంత నిజము లేకపోలేదు. గులాబి గోపురమును ఒక్క విధముననే కట్టవలెనన్న నియమము కొందఱు ఉపాధ్యాయుల చేతిలో శాసనమైపోయినది. ఆమెయు తన సాధనములను ఇతరులు మార్చుటను, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటను సులభముగా ఒప్పుకొనెడిది కాదు. ఆమె గొప్పదనము కడ్డీలలో లేదు. పిల్లవాడు పనిచేయునప్పుడు చేతులు కట్టుకొని చూడగలిగిన ఆమె యోర్పులో నున్నది. ఆ యోర్పును దుకాణములో కొనజాలము.

స్వదేశమున 1924 మొదలు ముస్సోలినీ ప్రభుత్వము ఆమె పాఠశాలలకు సాయము చేసెను. ఆమె ఆ సాయమును స్వీకరించెను. ఇది ఆమెపై వచ్చిన నిందలలో ఒకటి. కాని స్వయముగా ఎన్నుకొని, స్వయముగా తప్పు దిద్దుకొను పిల్లలను పెంచు బడికిని, ఒక్కని యాజ్ఞకు అందఱును తలవంచు రాజ్యమునకును పొత్తు కుదరదు. 1934 లో ఆ బడులు మూతపడెను. ఆమె ఇటలీని విడిచెను. స్పెయినులో నివసించుచుండగా 1936 లో అంతర్యుద్ధము పుట్టెను. అక్కడనుండియు బయలుదేఱి హాలండు చేరెను. అఱువదియాఱేండ్ల వయసున ఇల్లు లేదు, ఆస్తి లేదు. కుమారుడును, కొందఱు శిష్యులును, చెక్కదిమ్మెలును మాత్రమే మిగిలిరి.

అడయారులోని దివ్యజ్ఞానసమాజమున కధ్యక్షుడైన అరండేలును, ఆయన భార్యయగు రుక్మిణీదేవియు ఆహ్వానింపగా 1939 చివర ఆమె మారియోతో మద్రాసు చేరెను. అప్పుడు మన ఆంధ్రమండలములన్నియు ఆ రాజధానిలోనివే. తాటాకు పందిళ్లక్రింద సుమారు మూడువందలమంది విద్యార్థులకు ఆమె ఇటాలియను భాషలో బోధింపగా, మారియో ప్రక్కన నిలిచి ఇంగ్లీషులో చెప్పుచుండెను. కొన్ని మాసములలో తిరిగిపోవుదమని వచ్చినవారు. 1940 జూనులో ఇటలీ యుద్ధమున చేరగనే వారు శత్రుదేశీయు లైరి. మారియోను పట్టి అహమ్మదునగరపు నిర్బంధశిబిరమునకు పంపిరి. ఆమెను అడయారు ఆవరణము దాటరాదని కట్టడి చేసిరి. ఆమె ఫాసిస్టులచే స్వదేశమును కోల్పోయినదని తెలిసియు ఈ పని జరిగినది. ఆగస్టు 31 వ తేదీన, ఆమె డెబ్బదియవ జన్మదినమున, రాజప్రతినిధి యొద్దనుండి తంతి వచ్చెను. జన్మదిన కానుకగా ఆమె కుమారుని తిరిగి పంపుచున్నామని అందలి సారాంశము. నలుబదిరెండేండ్లుగా ఆమె బహిరంగముగా పలుకజాలని మాటను ఒక ప్రభుత్వపు తంతి పలికినది.

యుద్ధము ముగియువఱకు వారు ఈ దేశముననే యుండిరి. 1942 మొదలు రెండేండ్లు కొడైకెనాలులో నివసించుచు, పెద్దపిల్లలకు ఆకులు, రాళ్లు, పురుగులు, భూమి పుట్టుక మొదలగువానిని ఒక్క కథగా చెప్పు విధానమును ఏర్పఱచిరి. అహమ్మదాబాదు, కరాచి, సింహళము మొదలగు చోట్ల శిక్షణములు జరిపిరి. ఈ దేశమున ఆమెవద్ద నేర్చినవారు వేయిమందికి మించుదురు. పుట్టిన మొదలు శిశువు ఎట్లు గ్రహించునో తెలుపు ఆమె ప్రసిద్ధగ్రంథము ఇక్కడి యుపన్యాసములనుండి పుట్టి 1949 లో మద్రాసునందే అచ్చయ్యెను. విజయవాడలో ఆమె పేర వెలసిన పాఠశాలయు, స్త్రీల కళాశాలయు మన ప్రాంతమువారు ఎఱిగినవే. ఇక వీథివీథిని ఆ పేరు పలకలపై వ్రాసికొని, లోపల మూడేండ్ల బిడ్డలచే నిలువుగీతలు వ్రాయించు బడులను గూర్చి మేము చెప్పనక్కఱలేదు. తల్లిదండ్రులు లోనికి పోయి చూచి తెలిసికొనగలరు.

ఆమె భావములు కంప్యూటరు విద్యవైపు నడచిన మార్గమొకటి కలదు. స్విట్జర్లండునందలి మాంటిసోరి సంఘమున కధ్యక్షుడైన పియాజే యను పండితుడు, పిల్లల బుద్ధి క్రమముగా కట్టబడు విధమును పరిశోధించెను. ఆయనవద్ద పనిచేసిన పేపర్టు అమెరికాకు పోయి, 1967 లో మిత్రులతో కలిసి పిల్లలకై లోగో అను భాషను నిర్మించెను. అందు పిల్లల యాజ్ఞలకు లోబడి నేలపై నడచు తాబేటియంత్ర మొకటి ప్రసిద్ధి కెక్కెను. 2013 లో లండనులో క్యూబెట్టో యను చెక్కపెట్టెబొమ్మ వెలువడెను. దీనికి తెర లేదు, అక్షరములు లేవు. ముందునకు, కుడికి, ఎడమకు అను రంగుదిమ్మెలను పలకపై గుంటలలో వరుసగా అమర్చి మీట నొక్కినయెడల బొమ్మ ఆ ప్రకారము నడచును. ఒక్క దిమ్మెకు నాలుగు దిమ్మెల పనిని అప్పగించు ఏర్పాటు సైతము అందు కలదు. గుంటలలో చెక్కలు పెట్టు ఆ పిల్లలను చూచినయెడల సాన్ లొరెంజో జ్ఞప్తికి రాకమానదు. నిర్మాతలును మాంటిసోరిని తమకు మార్గదర్శినిగా చెప్పుకొనిరి. గూగిలు సంస్థాపకులిద్దఱును బాల్యమున మాంటిసోరి బడులలో చదివినవారే. అంతమాత్రమున ఆ బడులలో చదివినవారందఱు అట్టివా రగుదురని ఆశపడుట పొరపాటు. ఆ వస్తువు ఖరీదైనది; చీటీలును, వరండా బండలును వెల లేనివి.

1946 లో ఐరోపాకు మఱలి, తిరిగి 1947 లో స్వతంత్రభారతమునకు వచ్చి మఱి రెండేండ్లు పనిచేసి ఆమె హాలండు చేరెను. 1949 మొదలు వరుసగా మూడు సంవత్సరములు శాంతికై నోబెలు బహుమానమునకు ఆమె పేరు ప్రతిపాదింపబడెను గాని బహుమానము రాలేదు. ఎనుబదియవయేట సైతము దూరప్రయాణములు మానలేదు. 1952 వ సంవత్సరము మే 6 వ తేదీన, సముద్రపుటొడ్డున నున్న నోర్డ్‌విక్ గ్రామమున ఆమె పరమపదించెను; ఆమె సమాధి అక్కడనే కలదు. ఆమె వ్రాసిన మరణశాసనమున తన పనియు తనదియగు సమస్తమును మారియోకు చెందవలెనని యుండెను. అందు ఆమె అతనిని తన కుమారుడని వ్రాసెను.